జంట నక్షత్రాలూ, తేదీ వేసిన కొలతలూ

కన్యారాశిలో చిత్తా నక్షత్రానికి వాయవ్యంగా, చాచిన చేతి జానెడు లోపలే, ఒక నక్షత్రం ఉంది. పేరు పోరిమా, కేటలాగుల్లో గామా వర్జినిస్. మామూలు కంటికి ఒక్కటే చుక్క. చిన్న టెలిస్కోప్ పెడితే సరిసమానమైన వెలుగుతో రెండు చుక్కలు. 1718లో ఇంగ్లండులో జేమ్స్ బ్రాడ్లీ, ఆయన మేనమామ జేమ్స్ పౌండ్ ఈ జంటను చూసి ఒక మాట రాసిపెట్టారు: ఈ రెంటినీ కలిపే గీత, చిత్త నుంచి అదే రాశిలోని డెల్టా నక్షత్రానికి గీసే గీతకు సమాంతరంగా ఉందని. అంతే. అందులో డిగ్రీలు లేవు, దశాంశాలు లేవు. దిక్కూ తేదీ మాత్రం ఉన్నాయి. శతాబ్దం దాటాక జాన్ హెర్షెల్ ఈ జంటకు కక్ష్య గీయబోయినప్పుడు ఆ పాత మాట లెక్కలోకి వచ్చింది. ఆయన తొలి లెక్కల్లో ఒక్క చుట్టుకు ఐదు వందల ఏళ్లకు పైగా పడుతుందని తేలింది. ఇంతలో 1836 వచ్చింది. రెండు చుక్కలూ దగ్గరవుతూ దగ్గరవుతూ, ఆనాటి చాలా టెలిస్కోపుల్లో ఒక్కటైపోయాయి. అది కక్ష్యలో ఇరుకు మలుపని, ఆ మలుపు దగ్గర వేగం విపరీతంగా పెరుగుతుందని అర్థమయ్యాక పాత లెక్క కుప్పకూలింది. నేడు మనకు తెలిసిన కాలం సుమారు 169 ఏళ్లు. ఆ లెక్క ప్రకారమే 2005లో ఆ రెండూ మళ్లీ మలుపు తిరిగి విడిపోవడం మొదలుపెట్టాయి. మూడు వికలలు దాటిన ఎడంతో ఇప్పుడు 60 మిల్లీమీటర్ల టెలిస్కోపులో కూడా సుఖంగా విడిగా కనిపిస్తున్నాయి.

ఈ కథలో జాన్ హెర్షెల్ వెనకబడింది తెలివిలోనూ కాదు, పరికరంలోనూ కాదు. ఆయనకు కావలసిన కాలం ఇంకా గడవలేదు, అంతే. జంట నక్షత్రాల శాస్త్రమంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరుగుతుంది. డబ్బు పోసి పెద్ద అద్దం కొనవచ్చు గాని, గడిచిపోయిన ఏడాదిలో తీయని కొలతను కొనలేం. అందుకే ఈ అధ్యాయంలో నా వాదన ఒక్కటే: ఇంటి డాబా మీద చిన్న టెలిస్కోపుతో చేసే జంట నక్షత్రాల పరిశీలన ఉబుసుపోక కాలక్షేపంగా మిగిలిపోనక్కరలేదు, ఎడాన్నీ దిక్కునూ కొలిచి తేదీ వేస్తే అది శాస్త్రానికి పనికొచ్చే సరుకవుతుంది. దీని మీద వచ్చే ఆక్షేపణలు చిన్నవి కావు. వాటిలో కొన్ని నిజం కూడా.

ముందు కొలమానం సంగతి. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికల అని మన జ్యోతిష గణితం చెబుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు ఆర్క్ సెకను అనేది ఈ వికలనే. రెండున్నర సెంటీమీటర్ల నాణెం ఐదు కిలోమీటర్ల దూరాన నిలబెడితే ఎంత కనిపిస్తుందో అంత. పున్నమి చంద్రుడి వెడల్పు దాదాపు 1,800 వికలలు. మంచి చూపున్న కన్ను 60 వికలల ఎడం దాకా విడదీయగలదంటారు. పెళ్లిలో చూపించే అరుంధతీ వశిష్ఠుల మధ్య ఎడం సుమారు 12 కళలు, అంటే 700 వికలలకు పైనే, కాబట్టి అది కంటికి పెద్ద పరీక్షేమీ కాదు. (పగటి ముహూర్తాల్లో కూడా పురోహితుడు ఆకాశం వైపు వేలు చూపించి అరుంధతి కనబడిందా అని అడగడం, వధూవరులు కనబడిందనడం వేరే సంగతి.) టెలిస్కోపులో చూస్తే ఆ వశిష్ఠుడే 14 వికలల ఎడంతో రెండుగా విడిపోతాడు. 1889లో హార్వర్డులో వర్ణపటాన్ని పరిశీలించినప్పుడు, ఆ రెంటిలో ప్రకాశవంతమైనది కూడా జంటేనని తెలిసింది. ఏ ఐపీస్ పెట్టినా విడిపోనంత దగ్గరగా, ఇరవై రోజులకొక చుట్టు చొప్పున ఆ రెండూ తిరుగుతున్నాయి.

రెండు చుక్కలు పక్కపక్కన కనిపించినంత మాత్రాన వాటికి సంబంధం ఉన్నట్టు కాదు. ఒకటి దగ్గరగా, మరొకటి దాని వెనక ఎంతో దూరంగా ఉండి, మన చూపు వరసలో కలిసి కనిపించవచ్చు. జాన్ హెర్షెల్ తండ్రి విలియం హెర్షెల్ జంటలను వెతకడం మొదలుపెట్టింది అలాంటి చూపు జంటల కోసమే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం వెనకదాని మీద కొంచెం కదిలినట్టు కనబడాలి, ఆ కదలికతో దూరం కట్టవచ్చు అని ఆయన ఆశ. వృత్తి రీత్యా సంగీతకారుడైన ఆయన అలా జంటల కోసం ఆకాశం జల్లెడ పడుతుండగానే 1781 మార్చి 13న యురేనస్ తగిలింది. 1782లో 269 జంటల జాబితా ప్రచురించాడు. ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ కొలిచి చూస్తే, ఆశించిన కదలిక బదులు మరొకటి కనబడింది: పునర్వసులోని కాస్టర్ వంటి జంటల్లో ఒకటి మరొకదాని చుట్టూ మెల్లగా తిరుగుతోంది. 1803లో ఆయన ఆ మాట ప్రకటించాడు. ఆకాశంలో ఇన్ని దగ్గరి జంటలు కాకతాళీయంగా ఏర్పడడం అసంభవమని జాన్ మిచెల్ 1767లోనే లెక్క వేసి చెప్పాడు గాని, దాన్ని నిరూపించడానికి కావలసింది రెండు వేర్వేరు తేదీల కొలతలు. అవి హెర్షెల్ దగ్గర ఉన్నాయి, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట తానే రాసుకున్నాడు గనక.

ఇన్ని తిప్పలు పడి కక్ష్య తెలుసుకుంటే ఏమిటి లాభం అంటే, నక్షత్రాల బరువు. ఒంటరి నక్షత్రాన్ని తూచే త్రాసు దాదాపు లేదు. జంటలో ఉంటే మాత్రం ఒకదాని ఆకర్షణ మరొకదాన్ని ఎంత వేగంగా తిప్పుతోందో చూసి తూకం వేయవచ్చు. దక్షిణాకాశంలో ఆల్ఫా సెంటారీని తీసుకోండి. ఇది జంట అని కనిపెట్టింది మన దక్షిణాది గడ్డ మీదే: 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను చూస్తున్న జెస్యూట్ ఫాదర్ జ్యాఁ రిషో కంటపడింది. ఆ రెండు నక్షత్రాల మధ్య సగటు దూరం, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 23.3 రెట్లు. ఒక చుట్టుకు 79.8 ఏళ్లు. కెప్లర్ మూడో నియమం చెప్పినట్టు 23.3ను మూడుసార్లు గుణిస్తే 12,649 వస్తుంది, 79.8ని రెండుసార్లు గుణిస్తే 6,368. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 2. అంటే ఆ రెండు నక్షత్రాలూ కలిపి ఇద్దరు సూర్యుల బరువు. హైస్కూలు పిల్లవాడు కాగితం మీద చేయగల లెక్క ఇది. నక్షత్రాలు ఎంతకాలం వెలుగుతాయి, ఎలా ముసలివవుతాయి అని చెప్పే సిద్ధాంతాలన్నీ చివరికి ఇలాంటి తూకాల మీదే ఆనుకుని ఉన్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఈ లెక్కలో దూరాన్ని మూడుసార్లు గుణిస్తున్నాం కాబట్టి అందులో చిన్న తప్పు కూడా మూడింతలై కూర్చుంటుంది. కక్ష్యలో కొద్ది ముక్కే కొలిచి మిగతాది ఊహిస్తే ఏమవుతుందో పోరిమా విషయంలో చూశాం.

మొదటి ఆక్షేపణ: ఇంత సూక్ష్మమైన పని చిన్న టెలిస్కోపుకు సాధ్యమా? పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో డాస్ అనే మతాచార్యుడు రకరకాల టెలిస్కోపులతో జంటలు చూసి ఒక మోటు సూత్రం ఇచ్చాడు. 116ను కటకం లేక అద్దం వ్యాసంతో, మిల్లీమీటర్లలో, భాగిస్తే అది విడదీయగల అతి చిన్న ఎడం వికలల్లో వస్తుంది. 60 మిల్లీమీటర్లకు 1.9, 100కు 1.2, 200కు 0.6. అంటే తెలిసిన జంటల్లో వేల సంఖ్యలో జంటలు ఇంటి టెలిస్కోపుకు అందుబాటులోనే ఉన్నాయి. అయితే ఈ సూత్రం రెండు చుక్కలూ సమానంగా, ఓ మాదిరి వెలుగుతో ఉన్నప్పటికే. ఒకటి మరీ ప్రకాశించి రెండోది మరీ మసకగా ఉంటే సూత్రం చేతులెత్తేస్తుంది. మృగవ్యాధుడి తోడు నక్షత్రం, సిరియస్ బి, ఇటీవలి ఏళ్లలో 11 వికలల ఎడంలో ఉన్నా, పక్కదాని వెలుగులో దాదాపు పదివేలో వంతే ఉండడంతో అనుభవజ్ఞులకూ చెమటలు పట్టిస్తుంది. దానికి పరిశీలకులు పాటించే పద్ధతి మన స్థూలారుంధతీ న్యాయమే. ముందు ఓరియన్‌లోని రైగెల్ తోడును చూస్తారు. దాని ఎడం కూడా తొమ్మిది వికలల చిల్లర, వెలుగు తేడా మాత్రం కొన్ని వందల రెట్లే. అది తేలిగ్గా దొరికిన రాత్రి అదే ఐపీస్‌తో మృగవ్యాధుడి వైపు తిప్పుతారు.

టెలిస్కోపు కంటే ఎక్కువ అడ్డం వచ్చేది గాలి. వేడి గాలి పొరలూ చల్లగాలి పొరలూ కలగలిసినప్పుడు నక్షత్రం ఉడుకుతున్న నీటి అడుగున రాయిలా వణుకుతుంది. ఎండకు కాగిన సిమెంటు డాబా అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. దానికంటే పచ్చిక మీద, మట్టి నేల మీద చూపు నిలకడగా ఉంటుంది. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి చల్లారనివ్వాలి. ఇక ఊరి దీపాల వెలుతురు, వెన్నెల, పల్చటి మంచుపొర ఇవేవీ ఈ పనికి పెద్దగా అడ్డు కావు. పాలపుంతను, నిహారికలను మింగేసిన నగరాకాశంలో కూడా జంటలు బతికి బట్టకట్టాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాడికి ఇంతకన్నా అనువైన ఖగోళ వ్యాసంగం నాకు తోచదు.

కొలవడం ఎలా? రెండు సంగతులు కావాలి: ఎడం ఎన్ని వికలలు, ప్రకాశవంతమైన దాని నుంచి చూస్తే రెండోది ఏ దిక్కున ఉంది. దిక్కును ఉత్తరం సున్నా డిగ్రీలుగా పెట్టుకుని తూర్పు మీదుగా లెక్కిస్తారు. వెనకటి వాళ్లు సాలెగూటి దారాలు బిగించిన మైక్రోమీటరు వాడేవారు. ఇప్పుడు గ్రహాల ఫొటోలు తీసే చిన్న కెమెరా చాలు. దాని కొలబద్దను ఆకాశమే ఇస్తుంది. టెలిస్కోపు మోటారు ఆపేస్తే, ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న నక్షత్రం భూభ్రమణం వల్ల సెకనుకు 15 వికలల చొప్పున పడమటికి జారుతుంది. కెమెరా చట్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు జారడానికి 40 సెకన్లు పట్టిందంటే చట్రం వెడల్పు 600 వికలలు. అందులో వెయ్యి పిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్ 0.6 వికల. జారిన గీతే తూర్పు పడమరలు కూడా చూపిస్తుంది. మధ్యరేఖకు దూరంగా ఉన్న నక్షత్రాలు మరింత మెల్లగా జారతాయి కాబట్టి ఆ మేరకు లెక్క సవరించుకోవాలి. సెకనులో వందో వంతు చొప్పున కొన్ని వేల చిత్రాలు తీసి, వాటిలో గాలి ఒక్క క్షణం నిలిచినప్పుడు పడిన మంచివాటిని ఏరుకోవడం ఇప్పటి పద్ధతి. ఇలా వేర్వేరు రాత్రుల్లో కొలిచి సగటు తీస్తే వికలలో పదో వంతు దాకా నమ్మదగిన కొలత వస్తుంది.

రెండో ఆక్షేపణ బలమైనది: అనుభవం లేనివాళ్ల కొలతల్లో తప్పులుంటే శాస్త్రానికి మేలుకన్నా కీడే కదా? నిజమే, ఉంటాయి. కాని తప్పులు చేసింది వాళ్లొక్కరే కాదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేధశాల అధిపతి కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్ జంట నక్షత్రాల్లో చేయి తిరిగినవాడు. 70 ఒఫియూకి అనే జంట తన కక్ష్యలో సరిగ్గా నడవడం లేదని, కనిపించని ఒక గ్రహం దాన్ని లాగుతూ ఉండవచ్చని ఆయన 1855లో రాశాడు. ఆ శతాబ్దం చివర్లో అమెరికాలో మరొకరు అదే మాట ఇంకా గట్టిగా అన్నారు. చివరికి అలాంటి కక్ష్య నిలబడదని ఫారెస్ట్ మౌల్టన్ లెక్క కట్టి చూపించాడు. ఆ జంటకు గ్రహమేదీ దొరకలేదు; వికలలో కొద్ది వంతుల తేడాలే మనిషి కంటికి గ్రహంలా తోచాయి. ఒక్క వేధశాల, ఒక్క కన్ను, ఒక్క పరికరం మీద ఆధారపడితే జరిగే ప్రమాదం ఇది. వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు పరికరాలతో వచ్చిన కొలతలుంటే ఒకరి పొరపాటు మరొకరి కొలత పక్కన బయటపడుతుంది. కాబట్టి తప్పులు దొర్లుతాయన్నది కొలిచేవాళ్లు తక్కువ ఉండాలనడానికి కారణం కాదు. ప్రతి కొలతతోపాటు ఎన్ని రాత్రులు చూశారు, రాత్రికీ రాత్రికీ తేడా ఎంత వచ్చింది అన్నది దాచకుండా రాయాలనడానికి కారణం.

మూడోదే అన్నింటికన్నా పదునైనది. ఐరోపా పంపిన గైయా ఉపగ్రహం 2014 నుంచి 2025 జనవరి దాకా వంద కోట్లకు మించిన నక్షత్రాలను కొలిచింది; వికలలో వెయ్యో వంతుకన్నా సూక్ష్మంగా కొలిచింది. దాని సమాచారం నుంచి పరిశోధకులు పది లక్షలకు పైగా దూరపు జంటలను ఏరి పెట్టారు. ఇంకా డాబా మీద నిలబడి పదో వంతు వికల కోసం పాకులాడడం దేనికి? ఇందులో సగం ఒప్పుకోక తప్పదు. హంస మండలంలో బంగారు, నీలి చుక్కల జంటగా పేరుపడ్డ ఆల్బిరియోను వందోసారి కొలిచి పంపితే ఎవరికీ ఉపయోగం లేదు; పైగా అవి ఒకదానికొకటి కట్టుబడిన జంటేనా అన్న అనుమానాన్ని గైయా కొలతలే పెంచాయి. ఎడంగా, మసకగా ఉన్న జంటల విషయంలో గైయాతో పోటీ పడడం దండగ. అయినా గైయాకు రెండు లోట్లున్నాయి. మరీ ప్రకాశవంతమైన నక్షత్రాలు దాని కెమెరాలను ముంచెత్తేస్తాయి. ఆల్ఫా సెంటారీ జంట దాని కేటలాగులోనే లేదు. రెండో లోటు వయసు. పదిన్నరేళ్లు చూసిన యంత్రం, 169 ఏళ్ల పోరిమా కక్ష్యలో పదహారో వంతు మాత్రమే చూసినట్టు. మిగతా పదిహేను వంతులు బ్రాడ్లీ, హెర్షెల్, స్త్రూవె వంటి పరిశీలకులు రాసిపెట్టిన పాత పుస్తకాల్లోనూ ఇకముందు రాబోయే కొలతల్లోనూ ఉన్నాయి. ఆ ఉపగ్రహం పని ముగిసింది. నక్షత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఇక వెతకడానికేమీ మిగల్లేదన్న మాట కూడా కొత్తది కాదు. స్త్రూవె 1827లో డోర్పాట్ వేధశాల నుంచి మూడు వేలకు పైగా జంటల కేటలాగు వెలువరించాక ఉత్తరాకాశం ఖాళీ అయిపోయిందనుకున్నారు. 1870లలో షికాగో కోర్టులో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా పనిచేసే బర్న్‌హామ్ తన ఆరంగుళాల టెలిస్కోపుతో రాత్రుళ్లు కూర్చుని, అదే ఆకాశంలో వందల కొత్త జంటలు పట్టాడు. ఈరోజు అలా కొత్తవి దొరుకుతాయని నేను అనను. ఇప్పుడున్న లోటు కనిపెట్టడంలో లేదు, అనుసరించడంలో ఉంది. అమెరికా నౌకాదళ వేధశాల నిర్వహించే వాషింగ్టన్ జంట నక్షత్రాల కేటలాగులో లక్షన్నరకు పైగా జంటలున్నాయి. వాటిలో దశాబ్దాలుగా ఎవరూ కొలవని జంటల జాబితాను అదే వేధశాల విడిగా ప్రకటించింది. కక్ష్యలు కట్టిన జంటలకు ఒకటి నుంచి ఐదు వరకు గ్రేడులు వేస్తే, ఒకటో గ్రేడు దక్కినవి చాలా కొద్ది. తెలుగునేలకు ఇందులో చెప్పుకోదగ్గ వాటా ఒకటి ఉంది: హైదరాబాదు నిజామియా వేధశాల ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ ఆకాశ పటం కోసం ఫొటో పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ పాత అంకెలను తరువాత కంప్యూటరుకెక్కించి, నక్షత్రాలు వందేళ్లలో ఎంత కదిలాయో తెలుసుకోవడానికి వాడుకున్నారు.

మనకున్న అనుకూలం అక్షాంశం. జ్యేష్ఠా నక్షత్రం లండనులో దిక్చక్రానికి 12 డిగ్రీల ఎత్తున, మురికిగాలిలో దేకుతుంది. హైదరాబాదులో 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దాని పచ్చటి చిన్న తోడును మూడు వికలల లోపు ఎడంలో పట్టుకోవడానికి మనకున్న వీలు ఐరోపా వాళ్లకు లేదు. ఆల్ఫా సెంటారీ అక్కడ ఉదయించదు కూడా. హైదరాబాదులో 12 డిగ్రీలు, తిరుపతిలో 15 డిగ్రీలకు పైగా లేస్తుంది. మే నెలాఖరు రాత్రుల్లో దక్షిణాన చెట్లూ భవంతులూ అడ్డులేని చోటు వెతుక్కుంటే చాలు. 2035లో ఆ రెండు సూర్యులూ తమ కక్ష్యలో మళ్లీ అతి దగ్గరకు వస్తాయి. టెలిస్కోపు ఉన్నవాళ్లు వచ్చే మే నెలలోనే మొదటి కొలత తీసి, తేదీ వేసి ఉంచండి.